అన్నయ్య పీల్చిన పొగ

(మహాసభల సన్నాహంగా వర్జీనియాలోని షాంటిలీలో జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నాకన్నా ముందు మాట్లాడిన ఇద్దరూ డాక్టర్లు. నా తర్వాత మాట్లాడబోయేవారూ డాక్టరుగారే. మధ్యలో నేనొక్కణ్ణి సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. బూరెకీ పులిహోరకీ మధ్య పెట్టిన మంచినీళ్ళ గ్లాసులాంటి వాణ్ణి. కనుక నా దగ్గర రుచి వెతక్కండి, గొంతు తడుపుకోవడానికి పనికొస్తే చాలు.

నిర్వాహకులు నన్ను అడిగింది "నలభై దాటిన సాఫ్ట్‌వేర్‌వాళ్ళ ఆరోగ్యం" గురించి మాట్లాడమని. మెడనొప్పి, నడుంనొప్పి, సుగరు, కొలెస్టరాలు. వీటిలో నాకు స్వానుభవం ఉంది కాబట్టి సరేనన్నాను. కానీ కిందటి వేసవిలో మా పెద్దన్నయ్య వచ్చి రెండు నెలలుండి వెళ్ళాక ఆ విషయం పక్కన పెట్టేశాను. కూర్చుని పనిచేసేవాళ్ళ ఒంట్లో ఏం జరుగుతుందో మనకు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. వంగి పనిచేసేవాళ్ళ ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. ఈ హాల్లో ఉన్న మనలో చాలామంది చదువుల వెనక అలా వంగిన వీపు ఒకటుంది. నాన్నదో, అన్నదో, మేనమామదో.

మా అన్నయ్య వెల్డరు. విజయవాడ ఆటోనగర్లో. పదో తరగతి పాసయి, ఇంటి పరిస్థితి చూసి, లారీ బాడీలు కట్టే షెడ్డులో హెల్పరుగా చేరాడు. హోల్డరు పట్టుకోవడం నేర్చుకున్నాడు, మేస్త్రీ అయ్యాడు, తర్వాత నలుగురు కుర్రాళ్ళతో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. నా మెకానికల్ ఇంజనీరింగు ఫీజు, హాస్టలు ఖర్చు, చివరికి వీసా ఇంటర్వ్యూకి వేసుకెళ్ళిన బూట్లు కూడా ఆ షెడ్డులోంచే వచ్చాయి. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకిన లక్షలాది తెలుగువాళ్ళలో నేనొకణ్ణి. కాలేజీ వర్క్‌షాపులో ఒక సెమిస్టరు వెల్డింగు చేశాను. రెండు ఇనుప ముక్కలు అతికిస్తే పది మార్కులు. నా అతుకు చూసి అన్నయ్య "ఇది లారీకి పెడితే ఇబ్రహీంపట్నం దాటదురా" అన్నాడు. ఆ పదిమార్కుల ల్యాబులో కంటికి నల్ల అద్దం పెట్టుకోమన్నారు, చెప్పులతో రావద్దన్నారు. పొగ గురించి ఒక్కమాట చెప్పిన గుర్తు లేదు.

నా చిన్నప్పటి జ్ఞాపకం ఒకటుంది. నీళ్ళ ట్యాంకులకి జీఐ రేకు అతికించే పని వచ్చిన రోజు అన్నయ్య సాయంత్రం మామూలుగానే ఇంటికొచ్చేవాడు. అన్నం ముందు కూర్చుని "నోరంతా ఏదో తియ్యగా ఉందమ్మా" అనేవాడు. రాత్రి తొమ్మిదింటికల్లా చలి, వణుకు, ఒళ్ళునొప్పులు, జ్వరం. అమ్మ రెండు దుప్పట్లు కప్పి మిరియాలపాలు ఇచ్చేది. మలేరియా అనుకుని ఓసారి వీధి చివరి డాక్టరుచేత సూదిమందు కూడా వేయించాం. మర్నాటికి జ్వరం మాయం. మళ్ళీ పనికి వెళ్ళేవాడు. చిత్రమేమిటంటే, వరసగా వారమంతా అదే పని చేస్తే రెండోరోజు నుంచి జ్వరం వచ్చేది కాదు. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం వెళితే మళ్ళీ వచ్చేది. షెడ్డులో అందరూ దాన్ని "పొగజ్వరం" అనేవారు. జీఐ పని ఉన్న రోజు యజమాని అందరికీ పాలు తెప్పించేవాడు. పాలు తాగితే పొగ విరిగిపోతుందని అక్కడ నమ్మకం.

ఇప్పుడు కిందటి వేసవికి వద్దాం. షాంటిలీ వచ్చిన చుట్టాలను మనమందరం తీసుకెళ్ళేది ఉద్వార్-హేజీ సెంటరుకే కదా. 2003లో తెరిచిన ఆ విమానాల మ్యూజియంలో 2012 నుంచి డిస్కవరీ అంతరిక్ష నౌక ఉంది. నేను అన్నయ్యకి దాని కథ చెబుతుంటే ఆయన మాత్రం వంగి పక్కనున్న విమానాల పొట్టల కింద అతుకులు చూస్తున్నాడు. ఎక్కడ రివెట్టు, ఎక్కడ వెల్డింగు అని. "ప్రతి అతుకు దగ్గరా ఒకడు కూర్చునుంటాడురా" అన్నాడు. ఫొటో తీస్తుంటే గమనించాను, బ్రోషరు పట్టుకున్న కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. అడిగితే "వయసురా" అన్నాడు. ఆయనకి యాభై ఆరు.

ఆ వారంలోనే మా ఇంటి మెట్ల ఇనుప రెయిలింగు విరిగితే, ఆ ముక్క పట్టుకుని దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుకి వెళ్ళాం. "నేను అతికిస్తాగా, మెషీను అడుగు" అని అన్నయ్య, "ఇక్కడ ఇన్సూరెన్సు ఒప్పుకోదు అన్నయ్యా" అని నేను. లోపల ఒక వెల్డరు పనిచేస్తున్నాడు. పైనుంచి ఏనుగు తొండంలాంటి గొట్టం ఒకటి వేలాడుతోంది. అతను రాడ్డు వెలిగించే ముందు ఒంటిచేత్తో ఆ తొండాన్ని అతుకు పక్కకి లాక్కున్నాడు. పొగ లేచింది, అతని ముఖం వైపు రాకుండా పక్కకి తిరిగి తొండంలోకి వెళ్ళిపోయింది. అన్నయ్య కాసేపు అలాగే చూశాడు. అతను పని ఆపాక దగ్గరకి వెళ్ళి, హారతికి చెయ్యి చాపినట్టు ఆ తొండం ముందు అరచెయ్యి పెట్టి గాలి లాగుతుంటే చూశాడు. బయటికొచ్చాక కారెక్కకుండా నిలబడి అడిగాడు.

"ఒక ఫ్యాను, ఒక గొట్టం. అంతేకదరా? అది నేనే చేసుకుందును. ముప్పయ్యేళ్ళలో ఎవరూ చెప్పలేదేం? నువ్వు ఇంజనీరువి కదా, నీకూ తెలియదా?"

నాకు తెలియదు. సమాధానం చెప్పలేకపోయాను. ఆ సమాధానం కోసం తర్వాత కొన్ని నెలలు చదివాను. ఇవాళ్టి నా ప్రసంగం ఆయనకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

ముందు పొగ సంగతి. వెల్డింగు పొగంటే కట్టెపొగలాంటిది కాదు. అక్కడ మండుతున్నది కట్టె కాదు, లోహం. ఆర్కు వేడికి లోహం ఆవిరై, గాల్లోకి రాగానే చల్లబడి, ఆక్సిజనుతో కలిసి అతి సన్నని రేణువులవుతుంది. వాటిలో ఎక్కువభాగం ఒక మైక్రానుకన్నా చిన్నవి. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. అంత చిన్న రేణువును ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు, అది నేరుగా ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళుతుంది. ఇంకో సంగతి. ఈ పొగలో దాదాపు తొంభై శాతం అతికించే రేకు నుంచి కాదు, మన చేతిలో కరుగుతున్న రాడ్డు నుంచి వస్తుంది. మామూలు ఇనుముకి వాడే రాడ్డయితే ఇనుప ఆక్సైడు, దాంతో పాటు మాంగనీసు. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే క్రోమియం, నికెలు. జీఐ రేకు మీద చేస్తే పై పూతలోని జింకు.

ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది అక్కడే ఉండిపోతుందని నేను అనుకునేవాణ్ణి. దగ్గు, ఆయాసం, అంతవరకే. అది పొరపాటు. ఊపిరితిత్తి అనేది గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పల్చటి తెర. అక్కడ జరిగింది రక్తానికి తెలుస్తుంది, రక్తానికి తెలిసింది కాలేయానికి తెలుస్తుంది, అక్కణ్ణుంచి ఒళ్ళంతటికీ తెలుస్తుంది. తిన్న అన్నాన్ని శక్తిగా మార్చడం, కొవ్వును దాచడం, ఖనిజాలను అవసరమైనంత ఉంచుకుని మిగతావి బయటికి పంపడం, ఈ పనులన్నిటినీ కలిపి జీవక్రియ అంటాం. వెల్డింగు పొగ ఆ జీవక్రియ దాకా వెళుతుంది. నా ప్రసంగంలో అసలు విషయం ఇదొక్కటే.

జీవక్రియ అనగానే మన తెలుగువాళ్ళం ఒకరిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బోస్టనుకు వచ్చి, ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకుంటూ, హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధన చేశారు. కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ గురించి వారిద్దరూ లోకానికి చెప్పింది 1927లో. అదే సంవత్సరం, అదే హార్వర్డులో, ఫిలిప్ డ్రింకర్ అనే ఆయనా, సహచరులూ జింకు పొగ పీలిస్తే జ్వరం ఎలా వస్తుందో పరీక్షించి ప్రచురించారు. మా అన్నయ్య పొగజ్వరానికి అక్కడ అప్పటికే శాస్త్రీయమైన పేరుంది. మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. నోట్లో తియ్యదనం లేదా లోహపు రుచి, పీల్చిన నాలుగు నుంచి పది గంటల తర్వాత చలిజ్వరం, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గిపోవడం, వారం మధ్యలో ఒళ్ళు అలవాటుపడి సోమవారం మళ్ళీ రావడం. సోమవారం జ్వరమన్న పేరు కూడా ఉంది దానికి. మా అమ్మ దుప్పటి కప్పుతున్న రోజులకి ఆ సంగతి తెలిసి అరవై ఏళ్ళు దాటింది. హార్వర్డు నుంచి ఆటోనగర్ దాకా రావడానికి దానికి వీసా దొరకలేదు, అంతే.

పాల సంగతి కూడా తేల్చేద్దాం. పాలు వెళ్ళేది పొట్టలోకి, పొగ వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకి. పాలు బలమే, కాదనను. కానీ పొగకి విరుగుడు కాదు. ఈ నమ్మకం మనది మాత్రమే కాదు, అమెరికా వెల్డర్లలో కూడా పాతకాలం నుంచీ ఉంది. పాలు ఇచ్చిన యజమాని దుర్మార్గుడు కాదు. తెలిసింది చేశాడు. కానీ ఆ పాలగ్లాసు వల్ల అందరి మనసూ కుదుటపడింది, ఫ్యాను సంగతి ఎవరికీ తట్టలేదు.

జ్వరమంటే కనిపించే సంగతి. కనిపించనిది ఏమిటో హార్వర్డు ప్రజారోగ్య విభాగంవారే తర్వాత చూశారు. అక్కడి డేవిడ్ క్రిస్టియానీ బృందం మసాచుసెట్స్‌లో బాయిలరు పనివాళ్ళ వెల్డింగు శిక్షణశాలలో చాలా ఏళ్ళుగా పరిశీలనలు చేసింది. 2005లో ప్రచురించిన ఫలితం ప్రకారం, వెల్డింగు చేసిన తర్వాత వాళ్ళ రక్తంలో సి.ఆర్.పి. అనే పదార్థం పెరిగింది. డాక్టర్లు గుండెజబ్బు ప్రమాదం అంచనా వేయడానికి చూసే వాపు సూచిక అది. అంటే ఊపిరితిత్తుల్లో పడిన నిప్పురవ్వకి కాలేయం గంట కొట్టిందన్నమాట. 2013లో ఇంకో అడుగు ముందుకు వేశారు. పనికి ముందు రక్తం తీసుకున్నారు, ఆరు గంటల పని తర్వాత మళ్ళీ తీసుకున్నారు. ఆ రక్తంలో తిరిగే వందలాది చిన్న రసాయనాలను ఒకేసారి లెక్కపెట్టారు. పొగ ఎక్కువ పీల్చినవాళ్ళలో కొన్ని మంచి కొవ్వు ఆమ్లాలు, చేపనూనెలో ఉండే రకంవి, తగ్గాయి. పాల్గొన్నవాళ్ళు రెండు విడతలూ కలిపి ఇరవైమందికి లోపే కనుక అది చిన్న పరిశీలనే. 2018లో ఇంకాస్త పెద్ద గుంపు మీద చేసినప్పుడు కూడా, వాపును అదుపుచేసే కొవ్వుజాతి అణువుల్లో మార్పు కనిపించింది. నాకు ఒళ్ళు జలదరించింది దీనికే. ఇరవై ఏళ్ళు పనిచేశాక కాదు, ఒక్క షిఫ్టులో, పొద్దున్నకీ సాయంత్రానికీ మధ్య, రక్తం లెక్క మారుతోంది. అన్నయ్య ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికే అది ఆయన ఒంట్లో ఉంది.

మరి సుగరు వ్యాధి మాటేమిటి? అన్నయ్యకి నలభై అయిదో ఏటే సుగరు వచ్చింది. మా నాన్నకీ ఉంది, నాకూ గీత దగ్గర ఉంది, కాబట్టి అది పొగ వల్లనే వచ్చిందని నేననను, అనడం తప్పు కూడా. కానీ ఒక సంగతి గమనించండి. 2018లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికా మాజీ సైనికులు దాదాపు పదిహేడు లక్షలమందిని సుమారు ఎనిమిదిన్నరేళ్ళు గమనించిన లెక్కలు ప్రచురించారు. పి.ఎం. 2.5 అనే సన్నని రేణువులు గాల్లో ఎక్కువున్నచోట సుగరు వ్యాధి కూడా ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద ముప్పై రెండు లక్షల కొత్త సుగరు కేసులకు ఈ గాలి కారణమని వాళ్ళ అంచనా. మన దేశంలో ఈ రేణువులకు పెట్టుకున్న ఏడాది ప్రమాణం ఘనమీటరుకు 40 మైక్రోగ్రాములు. వెల్డింగు పొగకు మన పాత ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులో రాసిన పరిమితి 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. ఒకటి ఊరి గాలి, ఒకటి ఎనిమిది గంటల షిఫ్టు, నిజమే. రేణువుల్లో ఉన్న సరుకు కూడా వేరు. అయినా నూట ఇరవై అయిదు రెట్ల తేడా! ఢిల్లీ గాలి గురించి వాట్సాప్‌లో బాధపడే మనం, మన ఇంటి గేటు అతికిస్తున్నవాడి ముక్కు ముందున్న గాలి గురించి ఒక్కసారన్నా అనుకున్నామా?

ఇక మాంగనీసు. అన్నయ్య చెయ్యి వణకడం చూశాక నేను అన్నిటికన్నా ఎక్కువ చదివింది దీని గురించే. మాంగనీసు విషం కాదు, ఒంటికి కావలసిన ఖనిజమే. రోజుకు రెండు మిల్లీగ్రాముల పైచిలుకు చాలు. బియ్యం, పప్పులు, టీ అన్నిట్లోనూ ఉంది. తిన్నదాంట్లో అయిదు శాతం కూడా రక్తంలోకి రాదు. ఎక్కువైతే కాలేయం పిత్తరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. అంత జాగ్రత్తగల కాపలాదారు ఉన్నాడు. కానీ పొగలో వచ్చే మాంగనీసు ఈ గుమ్మంలోంచి రాదు. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి వచ్చి, కాలేయం కంటపడకముందే మెదడుకు చేరుతుంది. ఇంజనీరుని కాబట్టి లెక్క వేస్తాను. షిఫ్టులో మనిషి పీల్చే గాలి సుమారు పది ఘనమీటర్లు. ఘనమీటరులో 0.2 మిల్లీగ్రాముల మాంగనీసు ఉంటే, అన్నంలో రోజుకు వచ్చేంత మాంగనీసు, రెండు మిల్లీగ్రాములు, కాపలా లేని దొడ్డిగుమ్మంలోంచి లోపలికి పోయిందన్నమాట. అందులో కొంత మళ్ళీ ఊపిరితోనే బయటికి వచ్చేసినా, మిగిలింది తక్కువేం కాదు.

ఇక్కడ మనవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఇనుమునీ మాంగనీసునీ ఒంట్లో మోసేది ఒకే బండి. ఇనుము తక్కువైతే ఖాళీ సీట్లలో మాంగనీసు కూర్చుంటుంది. రక్తహీనత ఉన్నవాడు అదే పొగలోంచి ఎక్కువ మాంగనీసు ఒంటికి పట్టించుకుంటాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మగవాళ్ళలో నూటికి పాతికమందికి రక్తహీనత ఉంది. పొద్దున టీ, బన్ను తిని హోల్డరు పట్టుకునే పద్దెనిమిదేళ్ళ హెల్పరు కుర్రాణ్ణి ఒక్కసారి తలుచుకోండి.

మాంగనీసు మెదడులో చేరితే వచ్చే తూలు నడక, మాట సన్నగిల్లడం, కాళ్ళలో బలహీనత గురించి 1837లోనే గ్లాస్గోలో జాన్ కూపర్ అనే డాక్టరు రాశాడు. మాంగనీసు ఖనిజం పొడిచేసే కూలీలను చూసి. 2017లో అమెరికాలో 886 మంది వెల్డింగు సంబంధిత కార్మికులను ఏళ్ళ తరబడి పరీక్షించి రాసిన ఫలితం ఏమిటంటే, మాంగనీసు పొగ ఎంత ఎక్కువ పీలిస్తే పార్కిన్‌సన్‌లాంటి లక్షణాలు అంత ఎక్కువగా ముదురుతున్నాయని. అమెరికా ప్రభుత్వ పరిమితి మాంగనీసుకు 5 మిల్లీగ్రాములు. ఇక్కడి పరిశ్రమల ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ 2013లో సన్నని రేణువులకు సిఫారసు చేసినది 0.02. రెండొందల యాభై రెట్ల తేడా. కాబట్టి, చట్టాలు వెనకబడటం మన దేశానికే ప్రత్యేకం కాదు.

ఆ మాంగనీసు ఎక్కడిదో కూడా చెప్పనివ్వండి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన ఉత్తరాంధ్రలోనే. 1892 ప్రాంతంలో, ఇప్పటి విజయనగరం జిల్లా కోడూరు గనుల్లో. ఆ ఊరి పేరుమీద కోడురైట్ అని ఒక రాతికి పేరు పెట్టారు, భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. అక్కడ తవ్విందీ తెలుగువాడే, ఆటోనగర్లో కరిగించి పీల్చిందీ తెలుగువాడే. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపవలసిన జబ్బుల జాబితాలో మాంగనీసు విషం కూడా ఉండేది. కానీ ఆ చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళుంటేనే వర్తించేలా రాశారు. మా అన్నయ్య షెడ్డులో అయిదుగురు.

కేన్సరు సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాను. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సరు విభాగం వెల్డింగు పొగను మనుషులకు కేన్సరు తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. ప్రపంచంలో వెల్డర్లు కోటి పదిలక్షల మంది, వెల్డరు అన్న పేరు లేకుండా ఆ పొగ పీల్చేవాళ్ళు ఇంకో పదకొండు కోట్లమంది అని అప్పటి అంచనా. 2019లో బ్రిటన్ వాళ్ళు మామూలు ఇనుము వెల్డింగుకి కూడా తలుపులు తెరిస్తే చాలదు, పొగ పుట్టినచోటే లాగెయ్యాలని గట్టిగా చెప్పారు.

మరి చెయ్యవలసిందేమిటి? ఇక్కడే నాకు సంతోషం కలిగింది. ఈ జబ్బులకి మందు వెతకడం కష్టం గానీ, పొగ తప్పించడం అంత కష్టం కాదు.

మొదటిది, ఉచితం. తల పక్కకి పెట్టడం. పొగ నిట్టనిలువుగా లేస్తుంది. అతుకు మీదకి వంగినవాడి ముఖం సరిగ్గా దాని దారిలో ఉంటుంది. పనిముక్కను తిప్పి పెట్టుకుని, గాలి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పోయేలా కూర్చుంటే పీల్చే పొగ చాలా తగ్గుతుంది.

రెండోది, తొండం. ఒక ఫ్యాను, ఒక గొట్టం, బయటికి దారి. ఇందులో ఇంజనీరింగు రహస్యం ఒక్కటే. దగ్గరగా ఉండాలి. గొట్టం వెడల్పంత దూరం జరిగితే లాగే వేగం పదోవంతుకి పడిపోతుంది. అడుగు వెడల్పు గొట్టాన్ని గోడకి బిగించి మూడడుగుల దూరంలో పని చేస్తే అది అలంకారమే. గొట్టం అవతలి కొస పక్క షెడ్డువాడి ముఖం మీదికి కాకుండా పైకి తిప్పాలి.

మూడోది, జీఐ రేకయితే అతికించే చోట పూతను ముందే తీసెయ్యాలి. గ్రైండరుతో తీసేటప్పుడు కూడా మాస్కు ఉండాలి.

నాలుగోది, మాస్కు. జేబురుమాలు మాస్కు కాదు. తడిగుడ్డ కూడా కాదు. ఎన్-95 గానీ, అంతకన్నా మెరుగైన, ముఖానికి అంటుకుని కూర్చునే ఫిల్టరు మాస్కు గానీ కావాలి. మాస్కు వాయువులను ఆపలేదు, కాబట్టి ట్యాంకు లోపలికి దిగి పనిచేసేటప్పుడు మాస్కు ఉంది కదా అన్న ధీమా ప్రాణం తీస్తుంది. అక్కడ గాలి పంపే ఏర్పాటు, బయట ఒక మనిషి తప్పనిసరి.

అయిదోది, డాక్టరు దగ్గర "నేను వెల్డరుని" అని చెప్పడం. రక్తహీనత, సుగరు, బీపీ ఏడాదికోసారి చూపించుకోవడం. బీడీ మానెయ్యడం. వెల్డర్లకి న్యుమోనియా ప్రమాదం ఎక్కువ. బ్రిటన్‌లో లోహపు పొగ పీల్చే పనివాళ్ళకు న్యుమోకోకల్ టీకా గురించి ఆలోచించమని అధికారికంగా చెబుతారు. మీ డాక్టరుని అడగండి.

చివరగా మన సంగతి. మనం సాఫ్ట్‌వేర్‌వాళ్ళం కదా, మనకీ వెల్డింగుకీ సంబంధమేమిటి అనుకోవచ్చు. షాంటిలీ నుంచి ఆష్‌బర్న్ దాకా ఒకసారి కారులో వెళ్ళండి. కిటికీల్లేని పెద్దపెద్ద డేటా సెంటర్లు. మనం క్లౌడు అంటాం. ఆ క్లౌడుని చల్లబరిచే నీళ్ళ పైపులు ఎవరో వంగి కూర్చుని అతికించినవే. ప్రతి అతుకు దగ్గరా ఒకడు కూర్చునుంటాడని అన్నయ్య చెప్పనే చెప్పాడు.

మనలో చాలామంది సొంతూరి బడికి గేటు చేయిస్తారు. గుడికి గ్రిల్లు, కాలేజీకి సైకిలు షెడ్డు, శ్మశానానికి రేకుల పందిరి. డబ్బు పంపేటప్పుడు ఎస్టిమేటులో ఇనుము ఎంత, రంగు ఎంత, కూలి ఎంత అని పంక్తి పంక్తీ చూస్తాం. బేరమాడతాం కూడా. నా విన్నపం ఒక్కటే. ఆ ఎస్టిమేటులో ఇంకో పంక్తి రాయించండి. "పొగ లాగే ఫ్యాను, గొట్టం, మాస్కులు." ఆ గేటు పని అయిపోయాక ఆ ఫ్యాను ఆ షెడ్డులోనే ఉండనివ్వండి. మీ ఊళ్ళో ఐటీఐ ఉంటే, కంప్యూటర్లు ఇచ్చే ముందు వెల్డింగు ల్యాబులో పొగ ఎటు పోతోందో ఒకసారి చూడండి. పదహారేళ్ళ పిల్లాడు మొదటిరోజే తొండం లాక్కుని రాడ్డు వెలిగించడం నేర్చుకుంటే జీవితాంతం అలాగే చేస్తాడు. నేర్చుకోకపోతే పాలే తాగుతాడు.

అన్నయ్య విజయవాడ వెళ్ళి నరాల డాక్టరుని కలిశాడు. తలకి ఎం.ఆర్.ఐ. తీశారు, మందులిచ్చారు. వణుకు ఏ కారణం వల్లనో ఇంకా చూస్తున్నారు. నేను ఫోన్లో చదివిందంతా చెప్పాను. కాసేపు విని, "అయ్యిందేదో అయ్యిందిలేరా, కుర్రాళ్ళ సంగతి చూద్దాం" అన్నాడు. నెల తర్వాత ఒక ఫొటో పంపాడు. పాత కూలరు ఫ్యాను, రేకుతో తనే చుట్టిన గొట్టం, ఎటు కావాలంటే అటు తిరిగేలా లారీ స్టీరింగు దగ్గరి ముడి ఒకటి బిగించాడు. తొండం కింద హెల్పరు కుర్రాడు, ముఖానికి మాస్కు. పొగ పక్కకి పోతోంది. కింద "అతుకు నాదే. ఇబ్రహీంపట్నం దాటుద్ది" అని రాశాడు.

నేను ఇంజనీరింగు పాసయి ఇరవై మూడేళ్ళయింది. ఆ డిగ్రీకి ఖరీదు కట్టినవాడికి నేను చెప్పగలిగిన మొదటి ఉపయోగకరమైన ఇంజనీరింగు మాట, అదీ ఆయన అడిగితేనే చెప్పాను. మీరు అడిగించుకోకుండా చెప్పండి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక, అక్కడ తెల్లవారి ఉంటుంది కాబట్టి, మీ ఎరికలో ఉన్న ఒక్క వెల్డరుకి ఫోను చెయ్యండి. జీఐ పని చేసిన రోజు జ్వరమొస్తుందా అని అడగండి. మిగతా మాటలు వాటంతటవే వస్తాయి.